నోటీసు బోర్డు మీద వీసీ గారి మార్కులు

జూన్ 12

ప్రియమైన అమ్మకి,

ఫోన్లో నీకు సగం వినపడదు. నేను గొంతు చించుకుంటే బయట కూర్చున్న పీఏకి మాత్రం మొత్తం వినపడుతుంది. అందుకని ఉత్తరమే నయమనుకున్నాను.

వైస్ చాన్సలర్ కుర్చీలో కూర్చుని నలభై రోజులైంది. ఆ కుర్చీ ఎవరి కొలతలతో చేయించారో గానీ నా కాళ్ళు నేలకి ఆనడం లేదు, కింద చిన్న పీట వేయించుకున్నాను. మొన్న ఎగ్జామినేషన్ బ్రాంచి చూడ్డానికి వెళ్ళాను. నువ్వు ముప్పై ఎనిమిదేళ్ళు జవాబు పత్రాల కట్టలు కట్టిన పొడుగు బల్ల ఇంకా ఆ కిటికీ పక్కనే ఉంది. దాని అంచు అరిగి అరిగి నున్నబడింది. సెక్షన్లో పెద్దాయన ఒకాయన లేచి నిలబడి, "మేడం, ఇది అమ్మగారి బల్ల" అన్నాడు. నా బల్ల గురించి ఎవరూ అంత గౌరవంగా చెప్పగా నేను వినలేదు. అందరి ముందూ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. మన ఆనవాయితీ నీకు తెలియంది కాదు, అయినా నా ఏడుపు నేను ఏడవాలి కదా. కొత్తగా వచ్చిన వీసీ ఎవరైనా సరే, మొదటి ఏడాది ఫస్టియర్ పిల్లల మధ్య కూర్చుని ఒక పరీక్ష రాయాలి. తనది కాని సబ్జెక్టులో. ఏ సబ్జెక్టో పిల్లలే చీటీ తీస్తారు. ఆ పేపరు వందల పేపర్లలో కలిసిపోతుంది, దిద్దేవాళ్ళకి అది ఎవరిదో తెలీదు. వచ్చిన మార్కులు అందరి మార్కులతో పాటు బోర్డు మీదికెక్కుతాయి. మన తొలి వీసీ గారు, ఆ మహానుభావుడు, ఎవరూ అడక్కుండానే పిల్లల మధ్య కూర్చుని మొదలుపెట్టిన ఆనవాయితీ ఇది. యాభై ఎనిమిదేళ్ళుగా తప్పలేదు. ఆయన మార్కుల రిజిస్టరు చెదలు తినేశాయి గానీ, ఆ తర్వాత వచ్చిన పదకొండు మందీ పాసయ్యారు. నా యూనివర్సిటీ చరిత్ర పుస్తకంలో నాలుగో అధ్యాయమంతా దీని గురించే కదా, ప్రూఫులు దిద్దింది నువ్వేగా.

నాకొచ్చిన చీటీ ఫిజిక్స్.

అమ్మా, నేను చరిత్ర చెప్పుకునే మనిషిని. రాజులు ఎప్పుడు పడిపోయారో చెప్పగలను గానీ, మేడ మీంచి వదిలిన రాయి ఎంతసేపట్లో పడుతుందో చెప్పమంటే ఎక్కడికి పోను? పరీక్షకి పద్దెనిమిది రోజులుంది. నిన్న బస్సు కండక్టరు టికెట్టు చింపుతూ, "మేడం, ప్రిపేరవుతున్నారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

తమ్ముడినీ మరదలినీ అడిగానని చెప్పు.

నీ
పెద్దది

జూన్ 17

ప్రియమైన వీసీ గారికి, అనగా నా పిచ్చితల్లికి,

ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాను. మీ తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు, నాకేమైందోనని.

ఫిజిక్స్ నాకూ రాదు. కానీ పరీక్ష ఎలా రాయాలో నాకు తెలిసినంత మీ ప్రొఫెసర్లకి తెలీదు. ప్రశ్న నంబరు మార్జిన్లో కనపడేట్టు వెయ్యి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టెయ్యి, కోపమంతా కాగితం మీద చూపించకు. అడిషనల్ షీటు తీసుకుంటే దారం గట్టిగా రెండు ముళ్ళు వెయ్యి. ఊడిపోయిన షీట్ల కోసం నేను ఎన్ని బస్తాలు తిరగేశానో నాకే తెలుసు. ఏమీ రాకపోయినా చివరి గంట దాకా లేవకు. మధ్యలో లేచిపోయినవాళ్ళలో సగం మందికి తర్వాత జవాబు గుర్తొస్తుంది, వరండాలో నిలబడి ఏడుస్తారు. వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది నేనే.

కండక్టరు అలా అడిగాడని చిన్నబుచ్చుకోకు. ఆయన కూతురు మన దగ్గరే నర్సింగ్ చదివింది. ఊళ్ళో తాగే నీళ్ళు వారం వారం పరీక్ష చేసి చెప్పేది మన కెమిస్ట్రీ వాళ్ళు. మిల్లులో పని దిగి సాయంత్రం క్లాసులకి వచ్చిన వాళ్ళెంతమంది మేష్టర్లయ్యారు! ఆ యూనివర్సిటీ వాళ్ళ సొంతమే తల్లీ. సొంతవాళ్ళు అడగరా మరి?

తొలి వీసీ గారిని మాటకోసారి మహానుభావుడంటావు. ఆయనా మనిషే. సరే, అది వేరే కథ.

కోడలు నీ కోసం బొటనవేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు పంపుతోంది, పుస్తకం పేజీలు తిప్పుకోవడానికి. నువ్వు చదివే వేగానికి అది పనికొస్తుందో లేదో.

ఆశీస్సులతో,
అమ్మ

జూలై 22

ప్రియమైన అమ్మకి,

ఎలా మొదలుపెట్టాలో తెలీక నాలుగు కాగితాలు చింపాను. ఫెయిలయ్యాను.

నూటికి ముప్పై ఒకటి. పాసవ్వాలంటే ముప్పై అయిదు. చివరి గంట దాకా లేవలేదు, దారం రెండు ముళ్ళు వేశాను. లోపల సరుకు లేకపోతే ముళ్ళేం చేస్తాయి?

రిజల్టు ఇంకా బోర్డెక్కలేదు. జాబితా నా బల్ల మీదే ఉంది, మూడు రోజులుగా దాన్ని సొరుగులో పెడుతున్నాను, తీస్తున్నాను. నాతో కలిపి రెండు వందల పద్నాలుగు మంది తప్పారు. రిజిస్ట్రారు గారు తలుపు దగ్గరికి వేసి, "మేడం, నాలుగు మార్కులేగా, కలిపేద్దాం, మూడో కంటికి తెలీదు" అన్నారు. అంత దిగజారలేనని చెప్పి పంపేశాను. కానీ పాలకమండలిలో పెద్దాయన చెప్పిన మాట మాత్రం చెవిలోంచి పోవడం లేదు. శుక్రవారం మీటింగులో ఆనవాయితీనే ఎత్తేద్దామంటున్నారు. "కాలం మారింది, మీ మార్కులు బయటికి రాకముందే గౌరవంగా ముగించేద్దాం, మీ పరువూ యూనివర్సిటీ పరువూ రెండూ దక్కుతాయి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగా నా మీద జాలితోనే అన్నారు.

నిజం చెప్పనా? నాకూ అదే నయమనిపిస్తోంది. తొలి వీసీ గారు గొప్పవారు, తనంతట తాను పిల్లల మధ్యకి వెళ్ళి కూర్చున్నారు, ఆయనకి చెల్లింది. నేను మామూలు మనిషిని. ఫెయిలైన వీసీ అని ఊరంతా చెప్పుకుంటుంటే రేపు స్నాతకోత్సవంలో ఏ మొహం పెట్టుకుని పట్టాలు చేతికివ్వను? అలాగని, యాభై ఎనిమిదేళ్ళ ఆనవాయితీ నా చేతుల్లో పోయిందంటే నీ బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళగలనా?

ఏం చెయ్యమంటావు? శుక్రవారం లోపు చెప్పు. తమ్ముణ్ణి ఇచ్చి పంపినా సరే.

నీ
పెద్దది

జూలై 24

ప్రియమైన నా తల్లీ,

మీ తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టి ఈ ఉత్తరం తెస్తున్నాడు. వాడికేమీ చెప్పలేదు. నువ్వు కూర్చుని చదువు.

నీ పుస్తకంలో నాలుగో అధ్యాయం తప్పు. ప్రూఫులు దిద్దుతున్నప్పుడే తెలుసు నాకు. "తొలి వీసీ గారి మార్కులు దొరకలేదు, మంచి మార్కులే అయి ఉంటాయి" అని రాశావు చూడు, అక్కడ చరిత్రకారిణివి కాస్తా భజన చేశావు. ఆయనకొచ్చింది ఇరవై తొమ్మిది.

ఆయన తనంతట తాను కూర్చోలేదు. నేను కూర్చోబెట్టాను.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అటెండరుగా చేరి నాలుగు రోజులు. యూనివర్సిటీకీ అవే మొదటి పరీక్షలు. ఇన్విజిలేటర్లు బయటి కాలేజీల నుంచి అరువొచ్చినవాళ్ళు, వీసీ గారు ఎలా ఉంటారో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు. సాయంత్రం క్లాసుల వాళ్ళలో తల నెరిసినవాళ్ళు బోలెడుమంది ఉండేవారు. గంట కొట్టాక మామూలు చొక్కాలో ఒకాయన చెమటలు కక్కుతూ గుమ్మంలోకొచ్చి లోపలికి తొంగి చూశాడు. ఆలస్యంగా వచ్చిన విద్యార్థి అనుకున్నాను. జవాబు పుస్తకం చేతిలో పెట్టి, "చూస్తూ నిలబడితే మార్కులు రావు, వెళ్ళి కూర్చోండి, అరగంట దాకా ఎవరూ బయటికి వెళ్ళకూడదు" అని గద్దించాను. ఆయన నోరు తెరిచారు. నేను వినలేదు. కూర్చున్నారు.

ఆయన లా పాఠాలు చెప్పే మేష్టారు, ఆ రోజు పేపరేమో కెమిస్ట్రీ. తర్వాత ఆయనే చెప్పారు నాతో, "మీ గొంతుకి మొదట నోరు పెగల్లేదమ్మా, ప్రశ్నలు చూశాక పౌరుషమొచ్చింది" అని. చివర్లో పుస్తకం జేబులో పెట్టుకుని పోబోయారు. ఇచ్చిన ప్రతి పుస్తకం లెక్కకి రావాలని లాక్కుని కట్టలో వేసి ముడేశాను.

దిద్దారు, ఇరవై తొమ్మిది వేశారు. నంబరు లేని పుస్తకం ఎవరిదని గొడవైతే ఆయనే నాదన్నారు. చింపేద్దామన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆయనా నీలాగే మూడు రోజులు నలిగారు. హాల్ టికెట్టు చూడకుండా పుస్తకమిచ్చింది ఎవరని విచారణ మొదలయ్యేసరికి నా ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. వెళ్ళి ఆయన ముందు నిలబడి, తప్పు నాది సార్, ఆ పేపరు తీసేయండి, అన్నాను.

ఆయన తిట్టలేదు. ఎంతవరకు చదివారని అడిగారు. ఇప్పుడు నీకు ఇంకో నిజం చెప్పాలి. నేను పదో తరగతి మొదటిసారే ఫస్టుక్లాసులో పాసయ్యానని మీ ఇద్దరికీ చిన్నప్పటి నుంచి చెప్పింది అబద్ధం. తప్పాను. లెక్కల్లో పదిహేడు. ఆయనకి మాత్రం నిజమే చెప్పాను. "మళ్ళీ ఎందుకు రాయలేదు?" అన్నారు. "బోర్డు మీద పదిహేడని వేశారు సార్, వీధిలో తలెత్తుకోలేకపోయాను" అన్నాను.

ఆయన కలం మూత తీశారు. తర్వాత జాబితా ముందుకి లాక్కుని, చివర తన పేరూ ఇరవై తొమ్మిదీ సిరాతో రాసి, జిగురు సీసాతో సహా నా చేతికిచ్చారు. "అంటిద్దాం పదండి, నేనూ అక్కడే నిలబడతాను" అన్నారు. నిలబడ్డారు కూడా, చూసినవాళ్ళందరూ చూసి వెళ్ళేదాకా. ఆ ఏడే నేను పదో తరగతి మళ్ళీ కట్టాను. నా ఉద్యోగం పోకుండా ఆయన ఒకటే అడిగారు, తనంతట తానే కూర్చున్నానని అందరూ అనుకోనివ్వమని. అలాగే అనుకున్నారు. ఆ ఇరవై తొమ్మిది చూసినవాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. ఆయన పోయాక కూడా నేను నోరు విప్పలేదు. నీకు నా పదిహేడు తెలియడం ఇష్టంలేక.

ఆయనకి ధైర్యం పుట్టుకతో రాలేదే. నీ అంత భయమూ ఉండేది ఆయనకి. శుక్రవారం ఏం చేస్తావో నీ ఇష్టం, నువ్వు ఏం చేసినా నా కూతురివే.

అమ్మ

ఆగస్టు 9

ప్రియమైన అమ్మకి,

శుక్రవారం పొద్దున మీటింగుకి ముందే జాబితా నేనే అంటించి, పక్కన నిలబడ్డాను. మొదటి పది నిమిషాలు ఎవరూ దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఒకమ్మాయి నా వరసలో వేలు పెట్టి, కింద తన వరసలో వేలు పెట్టి, "మేడం, మీకూ మూడో ప్రశ్న దగ్గరే పోయిందా?" అంది. పోయిందన్నాను. ఇద్దరం అక్కడే ఆ లెక్క మొదలుపెట్టాం. ఇంకొకరు వచ్చి తప్పు పట్టారు, మరొకరు వాళ్ళ తప్పు పట్టారు. చూస్తుండగానే గుమిగూడారు. మీటింగుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.

పెద్దాయన తన మాట మొదలుపెట్టగానే, "ఎత్తేయాలంటే ముందు నన్ను పాసవ్వనివ్వండి, ఫెయిలైనవాళ్ళు పరీక్షలెత్తేస్తే లోకం నవ్వుతుంది" అన్నాను. ఆయనే ముందు నవ్వారు. ఆనవాయితీ ఉంది.

మామూలుగా తప్పినవాళ్ళలో సగం మంది చదువే మానేస్తారు. ఈసారి రెండు వందల పద్నాలుగు మందిలో రెండు వందల ఆరుగురు మళ్ళీ రాస్తామని దరఖాస్తు పెట్టారు. సాయంత్రం అయిదింటికి ఫిజిక్స్ వాళ్ళు క్లాసు చెబుతున్నారు. నాది మూడో బెంచీ. కండక్టరు బస్సు ఆపి మరీ, "మేడం, ఈసారి గ్యారంటీ" అన్నాడు. మన యూనివర్సిటీని చూసి నేను ఇంత గర్వపడింది ఎన్నడూ లేదు.

నా పుస్తకం రెండో ముద్రణకి వెళ్తోంది. నాలుగో అధ్యాయం మళ్ళీ రాయాలి. నువ్వు ఒప్పుకుంటేనే. వద్దంటే ఆ పేజీలు అలాగే ఉంటాయి, తప్పు చరిత్ర రాసిన నింద నేను మోస్తాను. పదిహేడు గురించి మాత్రం నాకు ఒక్క మాట చెప్పాలనుంది. నాకు ముందే తెలిసి ఉంటే నిన్ను ఇంకా ముందు నుంచే ఇంత గొప్పగా చూసేదాన్ని.

నీ
పెద్దది

ఆగస్టు 15

ప్రియమైన మూడో బెంచీ అమ్మాయికి,

రాయి. అటెండరు గద్దించి కూర్చోబెట్టిందని రాయి. లెక్కల్లో పదిహేడని రాయి, మళ్ళీ రాస్తే నలభై ఆరొచ్చాయని దాని పక్కనే రాయి.

పుస్తకంలో చూసి తెలుసుకోవడమెందుకని నిన్న అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఇక్కడ నేనే చెప్పేశాను. మీ తమ్ముడు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు, కోడలు వాడి వీపు తట్టింది. మనవరాలు మాత్రం కంచం వదిలేసి లేచి లోపలికి పోయింది. నానమ్మ అబద్ధాలకోరని అలిగిందనుకున్నాను. బట్టల బీరువాలో అట్టడుగు నుంచి మడతలు పడ్డ కాగితమొకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నెల్లాళ్ళుగా దాచిందట. లెక్కల్లో పంతొమ్మిది.

"నీకన్నా నేనే రెండు ఎక్కువ నానమ్మా" అని, నా మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

పొద్దున్నే ఇద్దరం మొదటి లెక్క మొదలుపెట్టాం.

అమ్మ
(విశ్రాంత అటెండరు)