నూట అరవై దాటితే ఫోన్

జూన్ 4
ఆయన దగ్గర్నుంచి పార్సిల్. నాకేదో కొన్నారని ఎగబడి విప్పాను. నా మొహం! షుగర్ చూసే సెన్సర్. నాకు షుగర్ లేదు, ఆయనకూ లేదు. ఆయన పనిచేసే సైట్‌లో అందరూ ఫిట్‌నెస్ పిచ్చిలో పడ్డారట. తనూ కుడి చేతికి పెట్టుకున్నారట. ఎడమ చేతికి నొక్కుకున్నాను. చీమ కుట్టినట్టయింది.

జూన్ 6
నా గ్రాఫ్ ఆయన ఫోన్‌లో, ఆయనది నా ఫోన్‌లో. నూట అరవై దాటితే అక్కడ అలారం మోగుతుంది. ఆయన సైట్‌కెళ్ళాక వారానికో ఫోన్. బాగున్నావా, బాగున్నాను, సరే ఉంటా. అంతే మా కాపురం.

జూన్ 9
మా కళ్ళద్దాల షాపులో ఓనరు పుట్టినరోజు. కేకు రెండు ముక్కలు లాగించాను. ఫ్రేములు తుడుస్తుంటే ఆయన ఫోన్! ఏం తిన్నావని కసిరారు, కాస్త నడవమన్నారు. చాలాసేపు మాట్లాడారు. ఆ గొంతు అంతసేపు విని ఎన్నాళ్ళయిందో.

జూన్ 10
కేకు లేదు. పంచదార ఉంది.

జూన్ 13
సిగ్గులేదు నాకు. రోజూ షాపు నుంచి రాగానే డబ్బాలో చెంచా పెట్టడం, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. తిట్టించుకోవడానికి ఇంత ముచ్చటపడేదాన్ని నేనొక్కదాన్నే. ఆడపడుచుకీ చెప్పేశారు. ఆవిడ హడావిడిగా ఫోన్ చేసి, డాక్టర్ దగ్గరికెళ్ళు వదినా అని ఒకటే పోరు.

జూన్ 14
వెళ్ళాను. ఏ జబ్బూ లేదన్నాడు డాక్టర్. తిన్నాక ఎవరికైనా పెరుగుతుంది, దిగుతుందన్నాడు. ఆయనకి చెప్తే హమ్మయ్య అన్నారు. ఇంకెందుకని అలారం తీసేశారు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

జూన్ 15
మూడు చెంచాలు తిన్నాను. ఫోన్ రాలేదు.

జూన్ 16, ఆదివారం మధ్యాహ్నం
నిద్రలో ఉంటే ఫోన్. ఆయనే. షుగర్ యాభైకి పడిపోయిందట. మరీ తగ్గితే మోగే అలారం తీసెయ్యడం కుదరదట. లేచి ఏదైనా తినమని గోల. నాకేం కాలేదు, ఆ చెయ్యి కింద పడేలా పడుకున్నాను, సెన్సర్ నొక్కుకుంటే తప్పు చూపిస్తుందట అన్నాను. ఆయన అడిగారు:

“ఎడం చెయ్యా? నువ్వెప్పుడూ నాకు వీపు చూపించి, గోడవైపు కదా పడుకునేదానివి?”

ఈమధ్య గోడ చూడబుద్ధి కావడం లేదన్నాను. మీరు పడుకునే వైపే తిరుగుతున్నానన్నాను. ఏడుపొచ్చింది. పంచదార సంగతీ కక్కేశాను.  ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు.

జూన్ 17, ఉదయం 6
నా ఫోన్‌లో ఆయన షుగర్ గీత పడిపోయి ఉంది. సెన్సర్ ఉన్న కుడి చెయ్యి కింద పడి ఉంటుంది. నా వైపు తిరిగి పడుకున్నారు.
ఫోన్ చెయ్యలేదు. పడుకోనీ.