వెనక క్యారియర్

భద్రాచలం, శుక్రవారం.

అమ్మా, దేవుని దయవల్ల నేను, నా గేర్ సైకిలు మంచిగున్నం. రంది పడకు.

చూస్త చూస్తనుకుంటనే నాయన కన్నుమూసిండు గద, ఆ జానంపేట రాక్షస గుళ్లు నిన్న చూసిన. అడివిల బండలు నిలబెట్టి, మీద బండ కప్పిన పాతకాలం సమాధులు. ఒకదానికి సైకిలు ఆనించి కాసేపు కూసున్న. లేచి తొక్కితే సైకిలు బరువైంది. టైర్ల గాలి చూసిన, సరిగ్గనే ఉన్నది. ముందట బోరింగు కాడ నీళ్లకు ఆగితే ఒక కోయ అవ్వ నన్ను తిట్టింది.

"పెద్దాయనను ఎక్కించుకున్నవ్, కూసునే జాగన్న లేకపాయె. చెప్పులు చేతిల పట్టుకొని ఎంతసేపని వేలాడాలె?"

తిరిగి చూస్తే ఎవ్వరు లేరు. చెప్పులు జారిపోతయని గట్ల చేతిల పట్టుకొని కూసునేది మన నాయన ఒక్కడే. ఇక్కడి దాక బరువు దిగలే.

పాస్టరుగారికి చెప్పకు. నాయన ప్రభువు దగ్గరున్నడనే అంటడు ఆయన.

చెల్లె మహిమకు జొరం తగ్గిందా? మిరపకు నీళ్లు పెట్టిండ్రా? కొట్టంల నాయన పాత సైకిలుకున్న వెనక క్యారియర్ ఊడదీసి, జల్దీ భద్రాచలం బస్సు కండక్టరుకు ఇయ్యి. బస్టాండుల తీసుకుంట. అది బిగించినంక ఆయనకు దుమ్ముగూడెం పాత చర్చి గూడ చూపిస్త.

చెల్లెకు దీవెనలు.

నీ కొడుకు,
శాంతికుమార్