సబ్బు రాసిన ట్యాంకు

ఫిబ్రవరి 4, 1984. శనివారం.
రేపటి రేసుకి కార్ల తనిఖీ. పాత ఎయిర్‌స్ట్రిప్ మీద చలి. ఓడల డాకు వర్క్‌షాపులో సెలవు పెట్టి వెళ్లాను. ట్యాంకులు, పెట్రోలు గొట్టాలు నా వంతు. పదకొండు కార్లు చూశాను. పన్నెండోది బావ తయారుచేసింది. ట్యాంకు అతుకు మీద అక్కడొక్కచోటే కొత్త నల్లరంగు. గీకాను. గోట్లోకి సబ్బు వచ్చింది.

ఆ విద్య నాకు నేర్పిందే బావ. ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు రుద్దెయ్, పెట్రోలుకి కరగదు అనేవాడు. మా వాట్‌గంజ్ పేటలో సగం టాక్సీలు ఆ సబ్బు మీదే తిరుగుతున్నాయి. రేసుకి కుదరదు. వెల్డింగన్నా చెయ్యాలి, ట్యాంకన్నా మార్చాలి— అదీ రూలు. ట్యాంకుండేది డ్రైవరు వీపు వెనకే.

పెద్ద తనిఖీదారు ఘోష్‌దా వచ్చి "కీ హొలో?" అన్నాడు, ఏమైందని. 'ఫెయిల్' అని రాసిచ్చాను. బావ నావైపు చూడలేదు.

ఫిబ్రవరి 5.
రేసు అయింది. బావ కారు లేకుండా.

ఫిబ్రవరి 6.
కారు బావకి పనిచ్చే సేఠ్‌ది. నెలాఖరుకి వేరే మేస్త్రీని చూసుకుంటానన్నాడట. సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. బావ: "అందరి కార్లూ పాసు. నాదే అగుపడ్డాదేటి నీకు?"
అక్క టీ ఇచ్చింది. చక్కెర లేదు. మరిచిపోయిందో, మానేసిందో.

ఫిబ్రవరి 7.
బావ ట్యాంకు విప్పి ఇంటికే తెచ్చాడు. రంగు గోకేసి, కొత్తగా సబ్బు పట్టించి, నిండా పెట్రోలు పోసి, వాకిట్లో చూరు కింద ఇటుకల మీద పెట్టాడు. అడుగున బెంగాలీ పేపరు. అక్క పొయ్యి పెరట్లోకి మార్చుకుంది.
"ఆదివారం దాకా సుక్క కారకపోతే నువ్వే వొచ్చి సేఠ్‌కి సెప్పాల— తప్పు నీదేనని."
ఇటుకల మీద కూర్చున్న ట్యాంకుకి కుదుపేం తెలుస్తుంది? రన్‌వే మీద తెలుస్తుంది. అదే అన్నాను. వినలేదు. అక్క నా మొహమే చూస్తోంది... సరే అన్నాను. వెధవ నోరు.

ఫిబ్రవరి 8.
పేపరు పొడి.

ఫిబ్రవరి 9.
పొడి. బావ ఈల వేస్తున్నాడు.

ఫిబ్రవరి 10.
పొడి. కారాలని కోరుకుంటున్నాను. సొంత అక్క ఇంట్లో నిలబడి, బావ కూడు పోవాలని. పెట్రోలుకి కరగని సబ్బు నీళ్లకి కరుగుతుంది— చెంబెడు చాలు. కుళాయి పక్కనే ఉంది. సిగ్గేసింది. వచ్చేశాను.

ఫిబ్రవరి 11.
తెల్లవారి వెళ్లేసరికి బాగా మంచు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. ట్యాంకు కింద పేపరు మాత్రం పొడిగా ఉంది. వంగి చూశాను— తేదీ ఇవాళ్టిది.
అక్క గిన్నెలు తోముతోంది. తలెత్తకుండానే అంది— "లేసి సూసేసరికి పేపరంతా పెట్రోలు కంపు. తీసేసినాను. మల్లీ సబ్బు రుద్దినాను. మీ బావకి తెల్దు."
తోమిన గిన్నె బోర్లించి: "నువ్వేనేటిరా నీల్లు పోసినావు?"
కాదన్నాను. నమ్మలేదు. మంచు నీళ్లు దిగాయేమో... సబ్బే వదిలేసిందేమో. నేనైతే పోయలేదు. కానీ పోయాలనుకున్నాను కదా.

ఫిబ్రవరి 12. ఆదివారం.
పదకొండింటికి సేఠ్ దగ్గరికి. పొద్దున్నే బావ మా ఇంటికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. వారం తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "గెలిసినోడికి గర్వముండకూడదురా," అని నవ్వాడు. వెనకే అక్క వచ్చింది.
నిజం చెబితే బావ పని పోతుంది. అక్క చేసినదీ బయటపడుతుంది. అబద్ధం చెబితే ఆ ట్యాంకు మళ్లీ ఆ కారు డ్రైవరు వీపు వెనక్కి. అతనికి ఇరవై రెండేళ్లుంటాయేమో. తనిఖీ రోజున నాకు నమస్కారం పెట్టాడు.
భయంగా ఉంది. బయట నుంచి బావ— "తెమిలినావేటిరా?"
ఇంకా చొక్కా వేసుకోలేదు.