బిగించాక కొలవాలి

సికింద్రాబాదు,
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక.

ప్రియమైన సుగుణక్కకు,

తమ్ముడు జీవరత్నం వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, అమ్మా, పిల్లలూ, మొన్న ఈనిన గేదెతో సహా అందరూ క్షేమమని నమ్ముతున్నాను. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? నా ఆరోగ్యం గురించి బెంగ వద్దని ఆమెకు నాలుగుసార్లు చెప్పు. అయిదోసారి కూడా అడిగితే కాస్త చిక్కాడని చెప్పు, లేకపోతే నమ్మదు.

ఇక్కడి చలి మన బందరు చలి కాదు. రాళ్లలోంచి పుడుతుంది. మోండా మార్కెట్లో చేపలని అమ్మేవాటిని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాటికి సముద్రమనేది ఒకటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. నేను నోరు తెరవగానే "ఆంధ్రబాబు వచ్చిండు" అంటారు. అయినా మంచివాళ్లే. పోలీసు యాక్షన్ అయి మూడు నెలలైంది గదా, పట్నం మామూలుగానే ఉంది. జిల్లాల వైపే బస్సులు సరిగా తిరగడం లేదు. నేను బాగానే తింటున్నాను. బాగానే నిద్రపోతున్నాను.

అమ్మకు ఇంతవరకే చదివి వినిపించు. మళ్లీ ఎక్కడ అందుకోవాలో చివర చెబుతాను. మధ్యలోది నీ ఒక్కదానికే.

మా మోటారు షెడ్డులో పెద్దమేస్త్రి ఇమాం ఉస్తాద్. నన్ను "బీయెస్సీ" అని పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవమెంతో నేను ఇంతవరకూ కొలవలేదు. ఆయన సొంతూరు నారాయణఖేడ్ అవతల ఒక పల్లె. ఆ గడబిడ రోజుల్లో ఆయన తమ్ముడు ఇంట్లోంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఎటు వెళ్లాడని షెడ్డులో ఎవరూ అడగరు. పల్లెలో ముసలితల్లి ఒక్కతే మిగిలింది. అప్పటినుంచి ఉస్తాద్ కుడిచెయ్యి వణుకుతోంది.

పోయిన నెలలో ఒక సోమవారం ఆ ఊరి మనిషి వచ్చాడు. తల్లికి బాగాలేదట, కొడుకును చూడాలంటోందట. అటు బస్సు లేదు. మా సేటు లారీ ఒకటి బుధవారం పొద్దున కిరసనాయిలు డబ్బాలతో అటే పోవాలి, కానీ దాని గేర్‌బాక్స్ పళ్లు రాలిపోయి ఉంది. బొల్లారంలో మిలిటరీవాళ్లు అమ్మేసిన సామాను నుంచి వేరే గేర్‌బాక్స్ తెచ్చారు. బోల్టులు కుదిరాయి, షాఫ్టు ముక్కు మాత్రం సన్నం. అంటే కొత్త పైలట్ బుష్ చేయించి వెయ్యాలి.

అక్కా, పైలట్ బుష్ అంటే కంచు గొట్టం ముక్క, బొటనవేలంత. ఇంజను వెనక గుంటలో ఇది కూర్చుంటుంది, గేర్‌బాక్స్ షాఫ్టు ముక్కు దీనిలో తిరుగుతుంది. బయట గుంటను బిగుతుగా పట్టుకోవాలి, లోపల షాఫ్టును హాయిగా తిరగనివ్వాలి. అత్తింట్లో నువ్వున్నట్టన్నమాట.

పాత బుష్ ఊడదీయడానికి ఉస్తాద్ ఉలి ముట్టడు. తను తినే జొన్నరొట్టెలో సగం తుంపి, నీళ్లలో నాన్చి, బుష్ బొక్కలో కూరి, సరిపడే కడ్డీ పెట్టి సుత్తితో కొడతాడు. మళ్లీ కూరతాడు, మళ్లీ కొడతాడు. పోవడానికి చోటు లేక ఆ రొట్టె వెనకనుంచి బుష్‌ను బయటికి నెట్టేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు "ఉస్తాద్, ఇంజనుకు కూర వడ్డించరా?" అన్నాను. "నీ మెదడు తీసి ఏస్త, జెర ఆగు" అన్నాడు.

మంగళవారం లేతు మిషను దగ్గరికి పోయి నేనే బుష్ చేయించుకొచ్చాను. ఉస్తాద్ తన చెయ్యి చూసుకున్నాడు. "బీయెస్సీ, నాతోని గాదు. నువ్వు చెయ్. ఒక్కటి యాదుంచుకో. బుష్ గుంతల కూసున్నంక లోపట కొలువు. ముంగట కొలిచింది కొలతే గాదు. గుంత దాన్ని పిసుకుతది."

"ఫికర్ చెయ్యకండి ఉస్తాద్" అన్నాను.

ఆయన నమాజుకు వెళ్లాడు. నేను బుష్‌ను షాఫ్టుకు తొడిగి చూశాను. ఎంత చక్కగా తిరిగిందో! కొలిచాను కూడా, రెండుసార్లు. కాలేజీ పరీక్షలో కొలతల ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి గదా. తరువాత దాన్ని గుంటలోకి కొట్టాను. మళ్లీ కొలవలేదు. ఆయన వచ్చేసరికి గేర్‌బాక్స్ ఎక్కించేసి "అయిపోయింది" అనాలని నా తొందర. షాఫ్టు ముక్కు ఇంకో అరంగుళం లోపలికి పోనంది. బోల్టులు బిగిస్తూ లాగాను. పోయింది. ఈల వేశాను కూడా.

బుధవారం పొద్దున ఉస్తాద్ మూట పట్టుకుని లారీ ఎక్కాడు. క్లచ్ తొక్కినా గేరు పడక కీచుమంది. డ్రైవరు ఎలాగో తోశాడు. బేగంపేట దాటకముందే కాలిన వాసన వచ్చి లారీ ఆగిపోయింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. గేర్‌బాక్స్ దించితే బుష్ నల్లబడి ఉంది, షాఫ్టు ముక్కు గీతలు పడి ఉంది.

"కొలిచినవా?"

"కొలిచాను ఉస్తాద్."

"ఎప్పుడు?"

ఆయన మూట విప్పి, దారిలో తినడానికి భార్య కట్టిచ్చిన రొట్టె తీసి, నీళ్లలో ముంచి నా చేతిలో పెట్టాడు. "తియ్ దాన్ని" అన్నాడు. అంతే. ఆ రోజు కూర మాట ఎత్తలేదక్కా నేను.

షాఫ్టు నునుపు చేయించి, కొత్త బుష్ వేసి, వేశాక కొలిచి, లోపల సవరించేసరికి గురువారం మధ్యాహ్నమైంది. డబ్బాల మధ్య కూర్చుని నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. పొద్దుగూకే వేళకు చేరాం. గడపలోనే పక్కింటామె ఎదురొచ్చింది.

"ఇప్పుడే అమ్మను మన్ను చేసి వచ్చిన్రు అన్నా. ఇయ్యాల పొద్దుగాలటిదాంక తలుపు దిక్కే చూసింది. నా కొడుకు ఆకలితోటి వస్తడని నాతోటి రొట్టెలు చేపిచ్చి తలకింద పెట్టుకున్నది" అంటూ గుడ్డమూట ఆయన చేతిలో పెట్టింది. ఉస్తాద్ దాన్ని విప్పలేదు. రెండుచేతులతో పట్టుకున్నాడు.

నలభై రోజులు గడిపి వస్తాడనుకున్నాం. పదోరోజుకే పనిలోకి వచ్చాడు. నేను ముందురాత్రంతా మాటలు కూర్చుకున్నాను, బయటికి వచ్చింది ఒక్కటే: "తప్పు నాది ఉస్తాద్."

"అవ్, నీదే. గాదంటే అబద్ధమైతది." పానా నా చేతికిచ్చి, "ఇంకో లారీ వచ్చింది, బుష్ ఉన్నది. షురూ చెయ్" అన్నాడు.

పాత బుష్ తీయడానికి ఆయన రొట్టె అడగకూడదని నేను బజారులో బ్రెడ్డు కొని తెచ్చుకున్నాను. దానితోనే తీశాను. కొత్తది గుంటలో కొట్టాను. కొలిచాను. సవరించాను. మళ్లీ కొలిచాను. ఉస్తాద్ షాఫ్టును చేత్తో తిప్పి చూశాడు, తల ఊపాడు. తరువాత గోడకానుకుని కూర్చుని ఆ గుడ్డమూట విప్పాడు. జొన్నరొట్టెలు ఎండి అట్టల్లా ఉన్నాయి. ఒకటి తీసి, సగం విరిచి నాకిచ్చాడు. నోట్లో పెట్టుకున్నాను, గొంతు దిగలేదు.

"నములు బిడ్డా" అన్నాడు. "గట్టిగుంటది. నమిలితే దిగుతది."

అక్కా, అమ్మకు ఇక్కడినుంచి చదువు.

నేను క్షేమం, మళ్లీ చెబుతున్నాను. పని నేర్చుకుంటున్నాను. నా పాత ఉన్ని స్వెట్టరు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. అమ్మ నాకోసం అరిసెలు డబ్బాలో పెట్టి దాచిందని రాశావు. దాచవద్దను. ఈ పూటే పిల్లలకు పెట్టెయ్యమను. ఎందుకని అడిగితే పురుగు పడుతుందని చెప్పు. సెలవు అడిగాను. ఇచ్చిన రోజునే రైలెక్కుతాను.

బావగారికీ, పాస్టరు తాతగారికీ నా వందనాలు. అమ్మ పాదాలకు నా బదులు నువ్వు మొక్కి, ఆమె చెయ్యి నా తలమీద ఉన్నట్టే ఒక్క క్షణం నీ తలమీద ఉంచుకో.

నీ తమ్ముడు,
జీవరత్నం