మొజాంబిక్‌లో నీ కొత్త అమ్మమ్మ

విజెవు, పోర్చుగల్

బెనెదితా,

ఉచిత ఆపరేషన్లకని మొజాంబిక్ వెళ్లి నువ్వు పంపిన ఫొటో అందింది. జారిన గర్భసంచిని సరిచేశావని ఆ మరియామో అనే పెద్దావిడ తన రంగుల గుడ్డ నీ నడుముకు కట్టిందట. నువ్వామెను అమ్మమ్మా అని పిలుస్తున్నావట. నేను అల్లిన శాలువా మాత్రం నీకు గుచ్చుకుంటుంది.

పక్కింటి ఎతెల్వీనా ఫొటో చూసి, "మీ మనవరాలికి కొత్త అమ్మమ్మ దొరికిందే, ఇక మీకు సెలవే" అంది.

"పాతది ఇంకా పోలేదులే" అన్నాను.

ఆ బరువు, మంట, నలుగురిలో సిగ్గు, అన్నీ మరియామో చెప్పుకుంటే గంటసేపు విన్నావని రాశావు. నేను కూర్చోబెట్టి ఏదైనా చెప్పబోతే నీ ఫోను మోగుతుంది.

చర్చిలో సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడతారు. రెండేళ్లుగా నేను లేవడం లేదు. పంతులమ్మకు పొగరని ఫాదర్ గారు అనుకుంటున్నారు. అనుకోనీ. నిలబడితే మరియామోకు జారినదే నాకూ జారుతుంది.

ఇక్కడి డాక్టరు నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు. వాడికి చూపించుకోలేను. నువ్వే రా. నీ నడుముకు గుడ్డలు కట్టను గానీ, శాలువా విప్పి మళ్లీ అల్లుతాను, ఈసారి మెత్తటి ఉన్నితో.

నీ మొదటి అమ్మమ్మ