యోధురాలు, ఆపైన మంత్రసాని

పెద్దమ్మకు నమస్కారాలు.

నేను కులాసా. కళ్ళద్దాల షాపులో పని బాగానే సాగుతోంది. ఆదివారాలు ఏం చేస్తున్నావని అడిగావు కదా, నలుగురు స్నేహితులతో గుహలకు వెళ్తున్నాను. నేను యోధురాలిని. ఐదో మెట్టుకు వచ్చాను. ఇక దొంగతనం కూడా కలుపుకుందామని ఉంది. రెండూ వస్తే వెనకనుంచి పొడవడం సులువట.

నీ చిట్టి

తా.క. దొంగతనం కుదరకపోతే దెయ్యంతో ఒప్పందం ఉండనే ఉంది.

*

చిట్టికి దీవెనలు, వాటితోపాటు రెండు మొట్టికాయలు.

నీ ఉత్తరం పెదనాన్న కంటపడకుండా దిండు కింద దాచాను. ఎవరిని పొడుస్తున్నావే? చిన్నప్పుడు దాగుడుమూతల్లో తుమ్మి దొరికిపోయేదానివి, నీకు దొంగతనం ఎలా అబ్బుతుందే?

పెద్దమ్మ

తా.క. దెయ్యం ఆడా, మగా? ఒప్పందానికి సాక్షి ఎవరు? ఊరికే, తెలుసుకుందామని.

*

పెద్దమ్మకు నమస్కరించి, లెంపలు వేసుకుని రాస్తున్నాను.

అయ్యో, అది ఆట! షాపు పైగదిలో బల్ల చుట్టూ కూర్చుని, ఎవరికి వాళ్ళం ఫలానా అనుకుని, పాచికలు వేస్తాం. ఆ నలుగురిలో బస్సు డ్రైవరన్నయ్య కథ నడుపుతాడు. మెట్టు పెరిగినప్పుడల్లా పాత విద్యలోనే ముందుకు పోవచ్చు, లేదా కొత్తదాన్ని మొదటినుంచి కలుపుకోవచ్చు. వచ్చే ఆదివారం గుహలో డ్రాగన్ ఉంది. ఒకటే అరుపులు. నేను తప్పుగా ఎంచుకుంటే అందరం చస్తాం, ఏడాదిగా సాగుతున్న ఆట అయిపోతుంది. మంత్రాలు నేర్చుకోనా?

చిట్టి

తా.క. దెయ్యం మగదే. పెళ్ళి కాలేదు.

*

చిట్టికి దీవెనలు. మొట్టికాయలు వెనక్కి తీసుకున్నాను.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టేదానివి, రెండో పడవకు చిల్లు లేకుండా చూసుకోవాలి. మంత్రాలకు చింతకాయలే రాలవు, డ్రాగన్ రాలుతుందా? ఇంటి విద్య ఉండగా పరాయి విద్యలెందుకు? నాలాగా మంత్రసానివైపో. బొడ్డుతాడు మీద తప్ప నేనెవరి మీదా కత్తి ఎత్తలేదు, అయినా ఊరంతా నన్ను చూసి లేచి నిలబడుతుంది.

ఇంతకీ అది ఎలా అరుస్తోంది? ఆగకుండానా, ఆగి ఆగానా?

పెద్దమ్మ

తా.క. పెళ్ళికాని దెయ్యంతో అసలే వద్దు.

*

పెద్దమ్మకు సాష్టాంగ నమస్కారం.

మంత్రసాని అనగానే డ్రైవరన్నయ్య, మంత్రాలకు దొరసాని కాబోలు అనుకుని ఒప్పేసుకున్నాడు. గుహలో అడుగుపెట్టామో లేదో, డ్రాగన్ ఊపిరి సెగకు నేను తప్ప ముగ్గురూ స్పృహ తప్పి పడ్డారు. అప్పుడు నీ ప్రశ్న గుర్తొచ్చింది.

"అన్నయ్యా, అరుపు మధ్యలో ఆగుతోందా?" అన్నాను.

"ఆగుతోందిలే. ఎందుకూ?"

"అయితే దానికి నొప్పులు! కత్తి పారేశాను. చేతులు కడుక్కుంటున్నాను."

ఆయన తన కథ కాగితాలన్నీ తిరగేశాడు. చివరికి ఇరవై ముఖాల పాచిక వెయ్యమన్నాడు. పడిందమ్మా ఇరవై, అంతకు మించిన అంకే లేదు! తల్లీ బిడ్డా క్షేమం. ఆ తల్లే మమ్మల్నందరినీ వీపున వేసుకుని గుహ బయట దిగబెట్టింది.

నీ చిట్టి

తా.క. మిగతా ముగ్గురూ ఇప్పుడు మంత్రసానులే అవుతారట. డ్రైవరన్నయ్య నిన్ను వెంటనే బయల్దేరి రమ్మంటున్నాడు. గుహల్లో ఉన్నవన్నీ కడుపుతోనే ఉంటే కథ ఎలా నడపాలో నిన్నడిగి తెలుసుకోవాలట.