నాలుగు డిగ్రీల కింద

పూజ్యులైన నాన్నగారికి మృదుల నమస్కరించి రాస్తున్నది. కొలరాడో కొండ మీద నేను కులాసాగానే ఉన్నాను. అల్ఫారెట్టాలో మీరూ అమ్మా బాగున్నారని మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఫోన్‌లో మీ గొంతు వింటే చెప్పలేను కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అవును, జూలైలో కూడా ఇక్కడ మంచు ఉంది. ఎలుగుబంటి కనపడలేదు, అమ్మకి ఆ భయం పెట్టకండి. ఈ ఎత్తులో అన్నం సగమే ఉడుకుతుంది, అలాగే తింటున్నాను. పిహెచ్‌డి ఎప్పుడవుతుందో మాత్రం నాకే తెలియదు.

"చీకట్లో పురుగుల్ని లెక్కపెట్టడానికి అంత చదువెందుకే" అని అమ్మ అందన్నారు. నిజమే, చదువక్కర్లేదు, మెలకువగా ఉంటే చాలు. కొండపూల పక్కన ఎర్ర లైటు పెట్టుకుని కూర్చుని, తేనె కోసం ఎన్ని మాత్‌లు, అదే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు, వాలాయో గంటగంటకీ కాగితం మీద రాయాలి. నేను ఆ ఒక్క పనీ చేయలేదు.

నిరుడు తొమ్మిది రాత్రులు చలికి టెంట్‌లోంచి బయటికి రాలేదు. ఇంత చలిలో ఏం వస్తాయిలే అని పడుకుని, పొద్దున్నే కాగితం నిండా సున్నాలు వేశాను. ఆ కాగితాలే, థర్మామీటర్ దానంతటదే రాసుకున్న అంకెలతో సహా, మీకు పంపాను. రిటైరయ్యాక తోచడం లేదని మీరు అడిగి మరీ తెప్పించుకుని, నెల రోజులు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. "అమ్మలూ, గమనించావా? నాలుగు డిగ్రీల కిందికి పోతే ఒక్కటీ రావడం లేదే" అని సంబరంగా ఫోన్ చేశారు. అప్పుడే చెప్పాల్సింది. "నేనూ అదే అనుకున్నాను నాన్నా" అన్నాను. మా ప్రొఫెసర్ ఆ మాటనే పేపర్‌గా అచ్చు వేయించి, చివర మీ పేరు రాసి కృతజ్ఞతలు చెప్పారు.

పోయిన వారం, పక్క వాలులో పనిచేసే రాగిణి రాత్రి వచ్చి నన్ను లేపింది. వెళ్లి చూస్తే పూల మీద మాత్‌లు ముసురుకుని ఉన్నాయి. "టూ డిగ్రీస్ చూపిస్తోందే. థర్మామీటర్ పాడైనట్టుంది. నీ పేపర్‌లో ఫోర్ కింద రావని ఉంది కదా, వేరే థర్మామీటర్ పెడదామా?" అంది. నా రాత మీద నమ్మకంతో, ఎదురుగా కనిపిస్తున్నది తప్పనుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను నాన్నా.

మర్నాడే కొండ దిగి ప్రొఫెసర్‌కి చెప్పేశాను. ఆయన కేకలు వేయలేదు. "హౌ మెనీ నైట్స్?" అని మాత్రం అడిగి రాసుకున్నారు. పేపర్ వెనక్కి తీసుకుంటున్నారు. నన్ను ఉంచాలా, పంపేయాలా అన్నది కమిటీ తేలుస్తుంది. ఆయనకి ఒక్క పూటలో చెప్పగలిగాను, మీకు చెప్పడానికి ఆరు రోజులు పట్టింది.

మీ పేరున్న ఆ పేజీని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టారని అమ్మ చెప్పింది. ఆదివారం వీరభద్రరావు అంకుల్ వాళ్లు భోజనానికి వస్తున్నారట. ఆలోపు దాన్ని తీసేయండి. ఎందుకు తీశారని అడిగితే, మీరు ఎక్కించినదాంట్లో ఒక్క పొరపాటూ లేదని, మీ అమ్మాయే పడుకుని అబద్ధం రాసిందని చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మాయి
మృదుల